మౌఖిక పరీక్ష ఎప్పుడు పెట్టాలి?

అమలాపురం పక్కనే ఉన్న బండారులంక నేతపనికి పేరుపడ్డ ఊరు. అక్కడ మగ్గం నేర్చుకొనే కుర్రవానికి పరీక్ష ఎప్పుడు? చీర కోసి మడత పెట్టిన తరువాత కాదు. పడుగు మగ్గం మీద ఉండగానే పెద్దవాడు వచ్చి నేతను వేలితో తడిమి, “ఈ పోగు ఎక్కడ తెగిందిరా? అలాగే వదిలేశావేం?” అని అడుగుతాడు. అప్పుడైతే దిద్దుకోవచ్చు. మడత పడ్డ చీరలో లోపం కనిపిస్తే ధర తగ్గించడం తప్ప గత్యంతరం లేదు.

మన విశ్వవిద్యాలయాలలో విజ్ఞానశాస్త్ర డాక్టరేటుకు జరిగే మౌఖిక పరీక్షను చూస్తే ఈ వరుస తలక్రిందులైనట్లు తోస్తుంది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022లో చేసిన నిబంధనల ప్రకారం విద్యార్థి కోర్సులలో నూటికి 55 మార్కులు తెచ్చుకోవాలి. ప్రతి సెమిస్టరు సలహా సంఘం ఎదుట తన పని చెప్పుకోవాలి. బయటి పరీక్షకులు సిద్ధాంత గ్రంథాన్ని ఆమోదించిన పిమ్మటనే బహిరంగ మౌఖిక పరీక్ష. అంటే గట్టిగా అడగవలసిన వేళకు తీర్పు దాదాపు అయిపోయి ఉంటుంది. పూలదండలు, ఫలహారాలు సిద్ధంగా ఉన్న హాలులో మొగమాటం లేకుండా ప్రశ్నించడం ఎవరి తరం? బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోను, ఐ.ఐ.టి.లలోను పరిశోధన ముదరక ముందే సమగ్ర పరీక్ష ఒకటి ఉన్నది. ఆ పద్ధతే మేలని నా అభిప్రాయం.

నోటి పరీక్ష ఒట్టి అదృష్టమనేవారు హైసెన్‌బర్గు కథ చెబుతారు. 1923లో మ్యూనిచ్‌లో అతని డాక్టరేటు పరీక్షలో వీన్ అనే ప్రయోగ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శిని ఎంత సన్నని వివరాన్ని విడదీసి చూపగలదో చెప్పమన్నాడు. విద్యుద్ఘటం పనిచేసే తీరు అడిగాడు. అభ్యర్థి తెల్లమొగం వేశాడు. గురువు సోమర్‌ఫెల్డు పట్టుపట్టబట్టి తక్కువ శ్రేణితో గట్టెక్కాడు. రెండేళ్లకు అతడే క్వాంటం యాంత్రికశాస్త్రానికి పునాది వేశాడు. కాబట్టి పరీక్ష తప్పని వారి వాదం. కాని 1927లో అనిశ్చితత్వ సూత్రాన్ని వివరించడానికి అతడు ఎంచుకొన్న ఊహా పరికరం సూక్ష్మదర్శినే! ఆ వివరణలో కటకం సంగతి సరిగా లెక్కించలేదని బోరు తప్పు పట్టాడు. వీన్ ప్రశ్నలో దోషం లేదు. ఆ ప్రశ్న రెండేళ్లు ముందు పడవలసింది, అంతే.

సోవియట్ యూనియన్‌లో లాండావు ఈ సంగతి ఎరిగినవాడు. తన బృందంలో చేరదలచినవారికి మొదటే వరుసగా కొన్ని పరీక్షలు పెట్టాడు. 1934 నుంచి 1961 వరకు నెగ్గినవారు 43 మంది మాత్రమే. సమస్య ఇచ్చి, విద్యార్థిని గదిలో ఒంటరిగా వదలి, మధ్య మధ్య వచ్చి భుజం మీదుగా చూచిపోయేవాడట. అంత కాఠిన్యం మనకు అక్కరలేదు గాని, వాగ్ధాటిని గాక ఆలోచనను కొలిచే ఆ తీరు గమనించదగినది.

ఏలనంటే మన విద్యార్థికి మరొక చిక్కు ఉన్నది. తెలుగు మాధ్యమంలో చదివి పైకి వచ్చినవాడు వర్ణపటమాపకాన్ని చేతితో నడపగలడు. దాని లోపం కనిపెట్టగలడు. కాని ఇంగ్లీషులో ప్రశ్న పడగానే తడబడతాడు. ఆ తడబాటును పరీక్షకులు అజ్ఞానం క్రింద జమకడతారు. స్థానిక భాషలో పరీక్ష వ్రాయనివ్వమని గ్రాంట్ల సంఘం 2023లో విశ్వవిద్యాలయాలను కోరింది. వ్రాతకు తగిన భాష నోటికి తగదా? పారిభాషిక పదాలు చాలవంటారు. ఇంగ్లీషు పదాలనే ఉంచి తర్కాన్ని తెలుగులో నడిపితే నష్టమేమి? ప్రయోగశాలలో మనం మాట్లాడుకొనేది అలాగే గదా!

బయటి పరీక్షకునికి తెలుగు రాదనే ఆక్షేపణ చివరి పరీక్షకు చెల్లుతుంది. తొలి పరీక్షకు కూర్చునేది ఎక్కువగా ఆ శాఖ అధ్యాపకులే. విద్యార్థిని బల్ల ముందు గాక అతని పరికరం దగ్గరే నిలబెట్టి, “ఇది ఎక్కడ తప్పు చూపుతుంది?” అని మొదలుపెట్టవచ్చు.