భేతాళుని ప్రశ్నయు, అభిమాని తీర్పును

కథను విన్నవాడు ఆ కథలోని పాత్రలను గూర్చి చెప్పు మాటకు సాహిత్య విమర్శలో స్థానము కలదా? పండితుడు చెప్పినచో అది విమర్శ యనియు, సామాన్యుడు చెప్పినచో అది ముచ్చట యనియు మనము విభజించుకొనియున్నాము. ఆ మాటలు టెలివిజన్ నాటకములను గూర్చినవైనచో, అందును రక్తపిశాచముల నాటకములను గూర్చినవైనచో, ముచ్చట యను పేరును సయితము మనము వానికి దయచేయము, పిచ్చి యందుము. ఈ విభజనము సరియైనది కాదని చూపుట ఈ వ్యాసమున కుద్దేశము. ఇందుకు నేను గ్రహించిన ఆధారములు రెండు. ఒకటి మన భేతాళ కథ. రెండవది అమెరికాలో 2009 మొదలు 2017 వఱకు ప్రసారమైన 'ది వాంపైర్ డైరీస్' అను ధారావాహిక నాటకము. ఈ రెంటిని ఒక్కచోట చేర్చుట విపరీతముగ తోచవచ్చును. కాని యీ చేర్పు నాతో మొదలైనది కాదు.

1870లో రిచర్డ్ బర్టన్ భేతాళ కథలలో పదునొకండింటిని స్వేచ్ఛగా ఆంగ్లమున చెప్పి, ఆ గ్రంథమునకు విక్రముడును వాంపైరును అను నర్థము వచ్చు పేరు పెట్టెను. నిఘంటువు దృష్టితో చూచినచో ఈ పేరు పొసగదు. పాశ్చాత్యుల వాంపైరు తాను చచ్చి, తన శరీరముతోనే సమాధినుండి లేచి, బ్రదికియున్నవారి నెత్తురు త్రాగును. భేతాళుడు పరుల శవము నావేశించును. మన కథలో వానికి నెత్తురు దాహము లేదు. తెలుగున మనము వాంపైరును రక్తపిశాచి యందుమే కాని భేతాళు డనము. ఐనను బర్టన్ చేసిన పోలికలో కొంత సామ్యము లేకపోలేదు. ఇరువురును బ్రదుకునకును చావునకును నడుమ నున్నవారు. ఇరువురును రాత్రించరులు. ఇరువురును మనుష్యుల గుట్టు మనుష్యులకంటె నెక్కువగా నెఱిగినవారు. భేద మొక్కటియే ముఖ్యమైనది: వాంపైరు మనిషిని నెత్తురడుగును, భేతాళుడు జవాబడుగును.

ఈ భేదమువలననే కాబోలు, తెలుగు పాఠకునకు భేతాళునియెడ వెఱపుకంటె చనువు హెచ్చు. చందమామ 1947 జూలైలో ప్రారంభమైనది. 1950ల దశకమున అందు మొదలైన భేతాళ కథలు మూలములోని యిరువదియైదింటితో ఆగక, క్రొత్త కథలతో దశాబ్దములకొలది సాగినవి. శవమును భుజాన వైచుకొని, కత్తి చేతబట్టి నడచు రాజుయొక్క శంకర్ గారి చిత్రము ఎఱుగని తెలుగు గృహము అరుదు. 'పట్టువదలని విక్రమార్కుడు', 'భేతాళ ప్రశ్న' అను నానుడులు కథ చదువనివారి నోటను సయితము వినబడును. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' ప్రదర్శించినపుడు, భాష హిందీయైనను, పరిచితమైన కథయే తెర కెక్కినందున తెలుగు ప్రేక్షకునకు దాని ననుసరించుట కష్టము కాలేదు. అందు విక్రముడుగా అరుణ్ గోవిల్, భేతాళుడుగా సజ్జన్ నటించిరి. అదే అరుణ్ గోవిల్ 1987లో మొదలైన 'రామాయణ్' ధారావాహికలో శ్రీరాముడైనపుడు ప్రేక్షకులు తెరకు చేతులు మోడ్చిరి. విక్రముని కెవ్వరును మ్రొక్కలేదు. అచట వారి మనస్సు రాజుమీద కాక, రాజు వీపుమీద నున్న మాటకారిమీద నుండెను. ఒకే నటుని ముఖము ఒకచోట భక్తిని కలిగించి, వేఱొకచోట ప్రక్కవానికి చోటిచ్చి తప్పుకొనుటకు కారణము కథాసంవిధానమే. రామకథలో తీర్పు ముందే తెలిసియున్నది. భేతాళ కథలో తీర్పు ప్రతిరాత్రియు క్రొత్తగా జరుగవలసియున్నది.

పాశ్చాత్య వాంపైరునకు మాటాడు హక్కు చాల ఆలస్యముగా లభించినది. 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా' ఇతరుల దినచర్యలు, ఉత్తరములు కూర్చిన గ్రంథము. అందు డ్రాకులా వ్రాసుకొన్న దినచర్య లేదు. ఆతని గూర్చి అందఱును వ్రాసిరి, ఆతడు వ్రాయలేదు. ఈ స్థితిని మార్చినది గ్రంథకర్తలకంటె ప్రేక్షకులే యనవచ్చును. అమెరికాలో 1966 నుండి 1971 వఱకు 'డార్క్ షాడోస్' అను నాటకము 1,225 భాగములుగా ప్రసారమైనది. అందు 1967లో బార్నబస్ కాలిన్స్ అను రక్తపిశాచి ప్రవేశించెను. కొన్ని వారములలో ముగియవలసిన పాత్ర యది. కాని జొనథన్ ఫ్రిడ్ నటనమున కనబడిన దైన్యము ప్రేక్షకులను కరగించెను. వారి యాదరణచే ఆ పాత్ర నిలిచిపోయెను. చంపవలసిన పిశాచమును జాలిపడవలసిన పిశాచముగా మార్చుటలో అభిమానికిని చేయి యున్నదని యిట్లు తెలియుచున్నది.

'ది వాంపైర్ డైరీస్' ఈ మార్పునకు ఫలము. ఎల్.జె. స్మిత్ నవలలు దీనికి మూలము. వానిలో మొదటిది 1991లో వెలువడెను. నాటకము 171 భాగములు. స్టెఫాన్, డేమన్ అను అన్నదమ్ములు 1864లో కేథరిన్ అను వాంపైరును ప్రేమించి తామును వాంపైరులైరి. తరువాత శతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట అచ్చముగా కేథరిన్ రూపముతో నున్న ఎలీనా యను కన్యను ఇరువురును ప్రేమింతురు. స్టెఫాన్ మృగముల నెత్తురుతో సరిపెట్టుకొని దినచర్య వ్రాసుకొను సాధువు. కాని నరరక్తము రుచిచూచెనా, అతనిని మించిన ఘాతకుడు లేడు. డేమన్ అన్న. నరరక్తము త్రాగుటకు సిగ్గుపడడు. కోపము వచ్చినపుడు ఎలీనా తమ్ముని మెడ విఱుచుటకు వెనుదీయడు. ఆ బాలుడు మంత్రపుటుంగరమువలన బ్రదికెను గాని, డేమన్ దయవలన గాదు. తుదకు స్టెఫాన్ ప్రాణత్యాగము చేయును. ఎలీనా డేమన్‌తో జీవించును. నాటకము నడచినన్నినాళ్ళును, ముగిసిన పిదపను, అభిమానులు స్టెఫాన్ పక్షమనియు డేమన్ పక్షమనియు రెండు పక్షములై వాదించుకొనుచునే యున్నారు.

ఈ వాదము మనకు దూరదేశపు వార్త కాదు. తిరువూరు వంటి మెట్టప్రాంతపు పట్టణమున, చేతిలోని ఫోనులో ఈ నాటకమును చూచిన డిగ్రీ విద్యార్థు లున్నారు. వారిలో ఒక విద్యార్థిని మాటను యథాతథముగా ఇచ్చుచున్నాను: "స్టెఫాన్ చంపితే రక్తం చేసిన పని అంటారు సార్. డేమన్ చంపితే డేమన్ చేసిన పని అంటారు. ఇద్దరూ తాగేది ఒకటే రక్తం కదా! మంచివాడికైతే జబ్బు, చెడ్డవాడికైతే బుద్ధి. ఈ అన్యాయం కథ చేసిందా, మనం చేశామా?" దానికి ఆమె స్నేహితురా లిచ్చిన ప్రత్యుత్తరము: "స్టెఫాన్ ఎవరూ చూడకపోయినా బాధపడతాడు. డేమన్ ఎలీనా చూస్తుందనే బాధపడతాడు. తేడా రక్తంలో లేదు, అక్కడుంది."

వీరి కెవ్వరును విమర్శసూత్రములు బోధింపలేదు. ఐనను మొదటి యామె కర్తృత్వమునకును దోషమునకును గల సంబంధమును ప్రశ్నించినది. రెండవ యామె పశ్చాత్తాపమునకు సాక్షి యవసరమా యను ధర్మసూక్ష్మమును ముందుంచినది. ఇవి భేతాళుడు అడిగిన ప్రశ్నలే. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున హరిస్వామి కథ కలదు. ఆకలిగొన్న బ్రాహ్మణున కొక గృహిణి అన్నము పెట్టెను. ఆతడు దానిని చెఱువుగట్టున చెట్టుక్రింద నుంచగా, పైన వ్రాలిన గ్రద్ద గోళ్ళలోని పామునుండి విషము అందు పడెను. ఆతడు తిని చనిపోయెను. దోషము ఎవరిది? పాముదా, గ్రద్దదా, అన్నము పెట్టిన యిల్లాలిదా? రాజు చెప్పిన జవాబు: ముగ్గురిలో ఎవ్వరిదియు గాదు, పాము పరాధీనము, గ్రద్దకు తన యాహారము ధర్మము, ఇల్లాలు పుణ్యము చేయబోయినది, ఆలోచింపక వీరిలో నొకరిని దోషి యన్నవానిదే దోషము. మన విద్యార్థిని, అన్యాయము కథ చేసినదా, మనము చేసితిమా యని యడుగుటలో, ఈ తీర్పు తెలియకయే దీని దరిదాపులకు వచ్చినది.

పక్షవాదమునకు సయితము పూర్వరూపము అచటనే కలదు. మందారవతి యను కన్యను మువ్వురు వరించిరి. ఆమె మరణింపగా ఒకడు ఆమె యస్థులను గంగలో కలుపబోయెను. ఒకడు శ్మశానమున ఆమె బూడిదపై పండుకొని కాలము గడపెను. ఒకడు దేశములు తిరిగి మృతసంజీవన మంత్రము తెచ్చి యామెను బ్రదికించెను. ఆమె ఎవరికి భార్య కావలెను? బ్రదికించినవాడు తండ్రితో సమానుడు, అస్థులు మోసినవాడు కొడుకుతో సమానుడు, బూడిదను కౌగిలించుకొని పడియున్నవాడే భర్త యని రాజు చెప్పెను. ఎలీనా ఎవరిది యను ప్రశ్నయు ఇట్టిదే. మేలు చేసినవాడు వేఱు, ప్రేమించినవాడు వేఱు అను వివేకము రెండుచోట్లను కావలెను. స్టెఫాన్ ఎలీనాకు మేలు చేసినవాడు గనుక ఆమె యాతనిదే యని వాదించు అభిమానికి మందారవతి కథ మంచి యెదురుప్రశ్న కాగలదు.

ఐనచో అభిమాని మాటలన్నియు విమర్శయేనా? కావు. రసానుభవమునకు విఘ్నములను చెప్పుచు అభినవగుప్తుడు, స్వీయ సుఖదుఃఖములకు వివశుడగుట యొకటిగా లెక్కించెను. "నా డేమన్" అను మాటలో ఈ విఘ్నము కలదు. పాత్రను తన సొత్తుగా భావించినవాడు పాత్రను చూడడు, తన్నే చూచుకొనును. పక్షము వహించిన అభిమాని తన పక్షపు పాత్ర చేసిన హత్యలను లెక్కపెట్టుట మానును. అటువంటి మాట ముచ్చటయే.

ముచ్చటను విమర్శనుండి వేఱుచేయు గీటురాయిని భేతాళుడే మన చేతి కిచ్చియున్నాడు. తెలిసియు జవాబు చెప్పకున్న తల పగులునని ఆతని నియమము. ఈ నియమమున రెండు విషయములు ఇమిడియున్నవి. తీర్పు చెప్పుట శ్రోతకు ఐచ్ఛికము కాదు, విధి. మఱియు చెప్పిన తీర్పునకు హేతువు కావలెను. హేతువు లేని జవాబు భేతాళ కథలలో రాజు నోట వెడలదు. నేటి ధారావాహిక ప్రేక్షకుని తీర్పరిగా కూర్చుండబెట్టినది కాని, హేతువు అడుగలేదు. పక్షము చాలునన్నది. కనుక అభిమానికి కొఱతపడినది బుద్ధి కాదు, అడుగువాడు. ఆ యడుగువాని స్థానము ఉపాధ్యాయునిది.

ఒక ఆక్షేపణ యుండును. ఈ నాటకములు వ్యాపారము కొఱకు కల్పింపబడినవి; ప్రేక్షకుల మోజు ననుసరించి కథను లాగుదురు; వీనియందు సాహిత్య చర్చకు తావెక్కడిది యని. చందమామయు అమ్ముడుపోవలసిన పత్రికయే. భేతాళుడు మాసమాసమును చెట్టెక్కుట పాఠకుల కోరికవలననే జరిగినది. కృతి పుట్టుకనుబట్టి గాక, అది లేవనెత్తిన ప్రశ్ననుబట్టి చర్చ యోగ్యతను నిర్ణయింపవలెను. సోమదేవుడు తన గ్రంథమును సూర్యమతీదేవి వినోదము కొఱకు రచించెను. వినోదము కొఱకు పుట్టిన ఆ కథలు తరువాతి శతాబ్దములలో ఎట్టి సమాధానములను రాబట్టినవో చూడుడు. తలలు మారిన కథలో, భర్త తల యున్న దేహమే భర్త యని రాజు తీర్పిచ్చెను. జర్మను రచయిత టామస్ మాన్ ఆ తీర్పుతో తృప్తిపడక, తీర్పు పిమ్మట ఆ మువ్వురి బ్రదుకు ఏమయ్యెనని తర్కించుచు 1940లో 'తలమార్పు' ఇతివృత్తముగా నవల వ్రాసెను. దాని ప్రేరణతో గిరీశ్ కర్నాడ్ 1971లో కన్నడమున 'హయవదన' నాటకము రచించెను. వీరిరువురును మొదట శ్రోతలు. రాజు జవాబు సరిపోలేదని తోచిన శ్రోతలు. అభిమాని యసంతృప్తి హేతువును వెదకికొన్నచో విమర్శ యగును. రూపమును వెదకికొన్నచో కావ్య మగును.

భేతాళ కథలలో కడపటి ప్రశ్నకు రాజు జవాబు చెప్పలేదు. తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెండ్లాడినచో వారి బిడ్డల వరుస యేమని భేతాళుడు అడిగెను. రాజు ఎఱుగడు, మౌనముగా నడచెను. తల పగులలేదు, భేతాళుడు మెచ్చి, భిక్షువైన క్షాంతిశీలుని కపటము తెలిపి, ఆతని ప్రాణము కాపాడెను. తెలిసి దాచిన మౌనము వేఱు, తెలియక యొప్పుకొన్న మౌనము వేఱు. మన పరిశోధన వ్యాసములలో మొదటి మౌనము హెచ్చుగా కానవచ్చుచున్నది. విద్యార్థికి ఇల్లాలిని వెళ్ళగొట్టిన భర్తమీద కోపము కలదు, కర్ణునిపై జాలి కలదు, డేమన్‌పై మక్కువ కలదు. వ్యాసమునకు కూర్చున్నపుడు వానినన్నిటిని దాచి, ఇతరుల తీర్పులను ఎత్తివ్రాయును. ఆతడు దాచినది విమర్శకు ముడిసరకు.

కావున తెలుగు శాఖలలో పాత్రచిత్రణమును బోధించునపుడు, విద్యార్థి స్వయముగా చూచి యుద్వేగపడిన నాటకమునుగూర్చి మొదట ఆతనిచే తీర్పు చెప్పించి, హేతువు అడిగి, పిదప భేతాళ కథలలోని తీర్పులతో సరిపోల్చుట మంచి పద్ధతి యని నా యభిప్రాయము. అభిమానుల మాటలను హేతువు గలవి, హేతువు లేనివి యని విభజించి పరిశీలించుట పరిశోధనకు తగిన విషయమే. అందు రక్తపిశాచము లుండుటవలన శాఖ గౌరవమునకు భంగము రాదు. ప్రతిష్ఠానపు రాజు గోదావరీతీరమున శవమును మోయుటకు సిగ్గుపడలేదు. దానిని మోసినందువలననే ఆతనికి కథలు దొరకినవి.