దోషము చెప్పు విద్య

ఒకరు నిర్మించిన ఆటకు క్రొత్త భవనములను, ఆయుధములను, నియమములను చేర్చి ఉచితముగా పంచిపెట్టు మాడ్ రచయితలలో నేనొకడను. మాడ్ వ్రాయుటలోని శ్రమ నాకెన్నడును భారముగా తోచలేదు. అందలి బగ్‌ను గూర్చి నమ్మదగిన సమాచారము సంపాదించుటయే కష్టతరము. “అన్నా, మీ మాడ్ వేసినప్పటి నుంచి గేమ్ క్రాష్ అవుతోంది, కాస్త చూడండి” అని జాబు వచ్చును. ఏ వెర్షన్‌లో, ఏ పని చేయుచుండగా, మరి యే మాడ్‌లు తోడుండగా అది సంభవించినదో అందుండదు.

ఆట ఆగిపోవుట ఆ జాబు వ్రాసినవాడు కన్నులార చూచినది. నా మాడ్ వలననే యనుట అతని ఊహ. మైన్‌క్రాఫ్ట్ అను ఆట కూలునపుడు క్రాష్ రిపోర్టును తానే వ్రాసిపెట్టును గాని, ఒక మాడ్ చెరిపిన విలువను మరియొకటి చదువబోయి పడిపోయినచో, అందు నిర్దోషి పేరే కనబడవచ్చును. 64 మాడ్‌లలో దోషి ఒక్కటే యైనచో సగము సగముగా తొలగించి 6 పరీక్షలలో పట్టవచ్చును. రెండు మాడ్‌ల కలయిక వలన పుట్టిన దోషమునకు ఆ లెక్క చాలదు.

మా వేటపాలెములో గుడ్డయందు తప్పు కనబడినపుడు నేతగాడు అది నిలువునా సాగుచున్నదా, అడ్డముగా ఒకచోటనే నిలిచినదా యని చూచి, మొదటిదైన పడుగును, రెండవదైన పేకను పరీక్షించును. దోషముయొక్క రూపము తెలిసిననే కారణమునకు త్రోవ దొరకును.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోన్లలోని యాప్‌లను కూల్చుచున్నదన్న వార్త లోకమెల్ల వ్యాపించినది. ఆ అక్షరము ‘జ్ఞా’. మనము నిత్యము వ్రాయు ‘జ్ఞా’ నిరపాయమే. ఒత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని సంకేతమొకటి చేరినపుడే ఉపద్రవము. దానిని శోధించి చెప్పిన పిదప, బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును అదే దోషము కలదని తేలినది. ఆ నెలలోనే వచ్చిన ఐఓఎస్ 11.2.6 దానిని సవరించినది. తెలుగు లిపిపై పడిన నిందను తొలగించినది ఆ సూక్ష్మ పరిశీలనయే.

ఆటగాడు వచ్చునది ఆడుటకే గనుక, ఇట్టి వివరములను ఓర్పుతో అడుగుట మా ధర్మము. ఆటగాండ్రకు నా విన్నపమిది: వెర్షన్, మాడ్‌ల జాబితా, ఆట ఆగుటకు ముందు చేసిన పని వ్రాసి, లాగ్ ఫైలును ఒక్క పంక్తియు తీసివేయక పంపుడు, కారణము తోచినచో దానిని ఊహయని పేర్కొని వేరుగా వ్రాయుడు.