సన్న బోర్డు, గట్టి బూటు

స్నోబోర్డు సామాను అమ్మే పెద్ద దుకాణానికి వెళ్ళి హార్డ్‌బూట్లు, అంటే గట్టి ప్లాస్టిక్ పెంకు బూట్లు, చూపించమంటే, అక్కడి కుర్రాడు మిమ్మల్ని స్కీ బూట్లున్న వరసకు పంపిస్తాడు. అతని తప్పేం లేదు. అతను నడక నేర్చేనాటికే హార్డ్‌బూట్లను చాలా షాపుల్లోంచి తీసేశారు. నేనుండే కొలరాడోలో స్కీ రిసార్టులకు కొదవలేదు, అయినా ఆ బూట్లతో సన్నటి ఆల్పైన్ కార్వింగ్ బోర్డు మీద దిగేవాళ్ళు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒకరిద్దరు కనిపిస్తే గొప్ప. ఎదురుపడితే ముందు ఒకరి కాళ్ళకేసి ఒకరం చూసుకుంటాం. ఏం బూటు, దాన్ని బోర్డుకు బిగించే బైండింగు ఏది, పాదం ఎన్ని డిగ్రీలు. పేర్లు అడగడం ఆ తర్వాత.

మంచు కొండలతో పరిచయం లేనివారికి కొంచెం చెప్పాలి. స్నోబోర్డు మీద ఎక్కువమంది బోర్డును వాలుకు అడ్డం తిప్పి, మంచును ఒరుసుకుంటూ, వేగం తగ్గించుకుంటూ దిగుతారు. కార్వింగ్‌లో అడ్డం తిప్పరు. బోర్డును ఒక పక్కకు ఒరిగిస్తారు. ఉక్కు అంచు మంచులో దిగబడుతుంది, బోర్డు ముక్కు వెళ్ళిన దారిలోనే తోకా వెళ్తుంది. కత్తిపీట మీద సొరకాయ చెక్కు గీకడానికీ, అదే సొరకాయను ముక్కలు కొయ్యడానికీ ఉన్నంత తేడా. కిందికి దిగి వెనక్కి చూసుకుంటే మంచులో సన్నటి గాడి ఉండాలి. వెడల్పాటి చార ఉందంటే ఎక్కడో జారినట్టే, ఎవరూ చెప్పనక్కర్లేదు.

బోర్డు పక్కలు తిన్నగా ఉండవు. నడుము దగ్గర లోపలికి వంపు తిరిగి, పెద్ద వృత్తంలోంచి తీసిన ముక్కలా ఉంటాయి. ఆ వృత్తం వ్యాసార్ధం 12 మీటర్లనుకోండి. బోర్డును 60 డిగ్రీలు ఒరిగిస్తే, లెక్క ప్రకారం మలుపు వ్యాసార్ధం 6 మీటర్లకు దిగుతుంది. ఇంటర్ ఎంపీసీలో బట్టీపట్టిన కాస్ తీటాకు ఇక్కడ పని దొరికింది. ఎంత ఒరిగితే అంత బిగువైన మలుపు. ఆ మలుపులో శరీరం బరువు రెట్టింపైనట్టు తొడలకు తెలుస్తుంది. ఈ పిచ్చి పట్టినవాళ్ళందరూ వెతుక్కుంటూ వచ్చేది ఆ బరువు కోసమే.

ఇక సామాను సంగతి. మామూలు మగవాళ్ళ బోర్డు నడుము దగ్గర 25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆల్పైన్ బోర్డు 18 నుంచి 21 దాకా. సన్నగా ఉంటే ఒక అంచు మీంచి రెండో అంచు మీదికి చిటికెలో మారొచ్చు. అయితే మనిషి పాదం అంతకన్నా పొడుగు. అడ్డంగా నిలబడితే వేళ్ళూ మడమా బోర్డు బయటికి పొడుచుకొస్తాయి. బాగా ఒరిగించగానే బూటు మంచుకు తగిలి, అంచు పట్టు వదిలేస్తుంది, మనిషి బోర్లా పడతాడు. అందుకని రెండు పాదాలనూ ముక్కు వైపు 50, 60 డిగ్రీలు తిప్పి బిగిస్తారు. పాదం అంత ముందుకు తిరిగాక బోర్డును ఒరిగించాలంటే కాలు పక్కకు తోయాలి, మెత్తటి బూటు ఆ తోపుకు చీలమండ దగ్గర మడతపడిపోతుంది. కాబట్టి ప్లాస్టిక్ పెంకు బూటు కావాలి. పెంకు బూటుకు పట్టీలు కుదరవు కాబట్టి, వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా ఉక్కు కమ్మీలతో పట్టుకునే ప్లేట్ బైండింగు కావాలి. బోర్డును నాలుగైదు సెంటీమీటర్లు సన్నం చేసినందుకు కాళ్ళ కిందున్నదంతా మారిపోయింది.

అక్కడితో ఆగదు. ముందు కాలి వేళ్ళ కింద ఎత్తు పెట్టాలి, వెనక కాలి మడమ కింద ఎత్తు పెట్టాలి. 3 డిగ్రీలా, 6 డిగ్రీలా? బూటు వెనక మీటను గట్టిగా బిగించాలా, దాని స్థానంలో స్ప్రింగు పెట్టించాలా? అంచును 89 డిగ్రీలకు ఆకురాయి పట్టాలా, 88కా? లిఫ్టు మీద పది నిమిషాలు కూర్చుంటే ఈ మాటలతోనే పై స్టేషను వచ్చేస్తుంది. బయటివాళ్ళకు చాదస్తంలా కనిపిస్తుంది, కొంత చాదస్తమే కూడా. కోణం గురించి వాదించడానికి వెచ్చించిన పొద్దుల్లో సగం కొండ మీద వెచ్చిస్తే చాలామంది ఇంకా బాగా దిగేవాళ్ళు. కానీ మెత్తటి బూటు దాచిపెట్టే లోపాన్ని గట్టి బూటు వెంటనే బయటపెడుతుంది. వెనక కాలు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే సాయంత్రానికి మోకాలు నిలదీస్తుంది. అందుకే ఈ చాదస్తాన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను.

ఒకప్పుడిది మూలన పడిన విద్య కాదు. 1980ల చివర, 90ల మొదట్లో యూరప్ కొండల మీద స్నోబోర్డు అంటే చాలామందికి ఇదే. ఫ్రాన్సుకు చెందిన సెర్జ్ విటెల్లి ఒళ్ళంతా మంచు మీద పరిచి తిరిగే మలుపును ఇప్పటికీ విటెల్లి మలుపు అనే పిలుస్తారు. 1998లో జపాన్ నగానోలో స్నోబోర్డు తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్‌లో మహిళల స్వర్ణం ఫ్రాన్సు అమ్మాయి కరీన్ రూబీది, పురుషుల స్వర్ణం కెనడాకు చెందిన రాస్ రెబాగ్లియాటిది. ఆయన మూత్రపరీక్షలో గంజాయి ఆనవాళ్ళు దొరికాయని పతకం లాక్కోవడం, అప్పీలులో తిరిగివ్వడం జరిగాయి. లోకమంతా గంజాయి గురించి మాట్లాడుకుంది, ఆయన ఆ వాలు మీద ఎలా దిగాడో పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

అప్పటికే గాలి మారింది. వదులు ప్యాంట్లు, సగం గొట్టంలా తవ్విన హాఫ్‌పైపు, గాల్లో గిరికీలు. కుర్రకారు అటు పోయింది, డబ్బూ అటే పోయింది. బర్టన్ లాంటి పెద్ద కంపెనీ కూడా చివరికి ఆల్పైన్ బోర్డుల తయారీ మానుకుంది. నా దృష్టిలో ఈ బోర్డులు బాగుపడింది పెద్ద కంపెనీలు వదిలేశాకే. కొలరాడోలో డోనెక్, ఒంటారియోలో కాయిలర్, స్విట్జర్లాండ్‌లో కెస్లర్, ఆక్సెస్ లాంటి చిన్న తయారీదారులు నిలబడ్డారు. 2006 టొరీనో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఆస్ట్రియా ఆటగాడు సిగి గ్రాబ్నర్ ఎస్‌జీ పేరుతో సొంతంగా బోర్డులు మొదలుపెట్టాడు. లోపల టైటానల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు పలచని రేకులు వేశారు, గట్టి మంచు మీద బోర్డు వణుకు తగ్గింది. ముక్కు దగ్గర ఒక వ్యాసార్ధం, తోక దగ్గర ఇంకొకటి పెట్టారు. ఇదంతా ఔత్సాహికుల ఘనతే అనను. ఒలింపిక్స్‌లో ఇద్దరు పక్కపక్కనే దిగే సమాంతర జెయింట్ స్లాలమ్ మిగిలి ఉండబట్టి, పతకాల కోసం పరుగు ఉండబట్టి కూడా జరిగింది.

కస్టమ్ బోర్డు చేయించుకోవడంలో ఉన్న సుఖం వేరు. తయారీదారు మీ బరువు అడుగుతాడు, బూటు కొలత అడుగుతాడు, మీ కొండ ఎంత వాలుగా ఉంటుందో, అక్కడి మంచు గట్టిదో మెత్తదో అడుగుతాడు. మీరు గొప్పగా చెప్పుకున్నదాంట్లో కొంత తీసేసి బోర్డు చేస్తాడు. మా ఊళ్ళో బట్టల టైలరు కూడా అంత వాకబు చేసేవాడు కాదు. ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, నెలల తరబడి ఎదురు చూడాలి. బూట్ల విషయంలో ఆ భాగ్యం లేదు. యూపీజెడ్, డీలక్స్, ఈమధ్య వచ్చిన మౌంటెన్ స్లోప్, ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టే పేర్లే.

స్కీ వాళ్ళకూ స్నోబోర్డు వాళ్ళకూ పాతకాలపు పేచీ ఒకటుంది. గట్టి బూట్లు వేసుకున్న మమ్మల్ని రెండు వర్గాలూ తమవాళ్ళుగా ఒప్పుకోవు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో చెక్ అమ్మాయి ఎస్తర్ లెడెట్స్కా స్కీ మీద సూపర్-జీ, స్నోబోర్డు మీద సమాంతర జెయింట్ స్లాలమ్ రెండూ గెలిచాక ఆ పేచీకి అర్థం లేకుండా పోయింది. స్కీ పందెంలో తేడా సెకనులో వందో వంతు. అవే ఆటల్లో స్నోబోర్డు రజతం గెలిచిన కొరియా కుర్రాడు లీ సాంగ్-హోను వాళ్ళ దేశంలో ‘క్యాబేజీ అబ్బాయి’ అంటారు. చిన్నప్పుడు క్యాబేజీ పొలాన్ని మంచు మైదానంగా మార్చిన చోట నేర్చుకున్నాడు. స్కీ, స్నోబోర్డు ఆటల్లో కొరియాకు అది మొదటి ఒలింపిక్ పతకం.

మా గుంపులో నాకు నచ్చని గుణం ఒకటి ఉంది. మెత్తటి బూట్లతో కార్వింగ్ చేసేవాళ్ళను చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. యూరప్‌లోని బోర్డుల కంపెనీ కోరువా షేప్స్ తీసిన ‘యర్నింగ్ ఫర్ టర్నింగ్’ వీడియోలు చూసి ఎంతమంది కుర్రాళ్ళు గిరికీలు మాని మలుపుల వైపు తిరిగారో కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. జపాన్‌లో మెత్తటి బూటుతోనే మా గట్టి బూట్లు సిగ్గుపడేలా దిగేవాళ్ళున్నారు. అలాగే, ప్రతి మలుపులో మంచుకు చెయ్యి ఆనించి తీరాలనే పట్టుదల కూడా నాకు ముచ్చటేమీ కాదు. స్విట్జర్లాండ్ జినాల్ గ్రామంలో ఎక్స్‌ట్రీమ్ కార్వింగ్ పేరుతో ఒళ్ళంతా ఆనించే పద్ధతిని ఒక విద్యగా తీర్చిదిద్దారు, అది వేరే లెక్క, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. చెయ్యి ఆనాలని నడుము వంచి కిందికి వాలేవాడి బోర్డు మాత్రం ఒరగదు, వాడే ఒరుగుతాడు.

రాత్రంతా యంత్రాలు చదును చేసిన వాలు పొద్దున తెరిచినప్పుడు సన్నటి గీతలతో పరుచుకుని ఉంటుంది. దాన్ని కార్డురాయ్ అంటారు. మాకు పనికొచ్చేది ఆ రెండు మూడు గంటలే. జనం వచ్చాక మంచు గడ్డలు కడుతుంది, పైగా మేం వాలుకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిరుగుతాం కాబట్టి వెనకొచ్చేవాళ్ళకు మా దారి అంతుపట్టదు. కిందున్నవాళ్ళకే దారి హక్కు అన్నది నియమం. నియమం మన వైపున్నంత మాత్రాన ఎముకలు విరగకుండా ఉండవు, ప్రతి మలుపుకు ముందు పైకి ఒకసారి చూడాల్సిందే.

మొన్న పార్కింగులో ఒక తెలుగబ్బాయి, “అన్నా, స్కీ బూట్లేసుకుని బోర్డెక్కుతున్నారేంటి?” అని మొదలుపెట్టి, అరగంటలో “ఎక్కడ దొరుకుతాయి?” దాకా వచ్చాడు. డెన్వర్లోనో, సియాటిల్లోనో, టొరంటోలోనో ఉంటూ ఇలాగే అడగబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ముందు మీకున్న మెత్తటి బూట్లతోనే, తక్కువ వాలు మీద, గాడి సన్నగా పడేదాకా సాధన చెయ్యండి. తర్వాత కొనాలనిపిస్తే బోర్డు, బైండింగు పాతవి కొన్నా నష్టం లేదు. బూట్లు మాత్రం పాతికేళ్ళనాటివి చవగ్గా వచ్చాయని తీసుకోకండి. ఆ ప్లాస్టిక్ ముసలిదై చలికి పెంకులా పగులుతుంది, అదీ మలుపు మధ్యలో.