లేక్ జార్జ్ బురదను ఎలా చదవాలి?

సిడ్నీ నుంచి కాన్‌బెర్రాకు కారులో వెళ్ళినవాళ్ళందరికీ లేక్ జార్జ్ తెలుసు. ఇంకాసేపట్లో ఊరు చేరతామనగా ఫెడరల్ హైవేకి ఎడమ పక్కన కనిపించే పెద్ద మైదానమే అది. 2000ల నాటి కరువు రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళు అది సరస్సంటే నమ్మలేదు. 2022 వానల తర్వాత చూసినవాళ్ళు అక్కడ గొర్రెలు మేసేవంటే నమ్మరు. నీరు బయటికి పారే దారి లేని సరస్సు. వచ్చిన నీరు ఆవిరైపోవలసిందే, కొట్టుకొచ్చిన మట్టి మాత్రం ఎక్కడికీ పోదు. ఈ నేల ఆదివాసులు దాన్ని వీరీవా అంటారు.

నేను చెప్పబోయేది ఆ సరస్సు గురించి కాదు, దాని అడుగు మట్టిని చదివిన ఒక పరిశోధకుడి రచనల గురించి. సాహిత్య సంచికలో ఇదేమిటని అనుకోకండి. తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టుకుని కావ్యపాఠం తేల్చేవాళ్ళ చిక్కులే ఇక్కడా ఉన్నాయి. ఏ భాగం ఏనాటిది? ఏది తర్వాత వచ్చి చేరింది? ప్రతిలో ఉన్నదెంత, పరిష్కర్త ఊహ ఎంత?

పైగా నాదొక పాత బాకీ ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక ఉగాది సభలో మాట్లాడుతూ, ఆస్ట్రేలియాలో మనుషులు 1,20,000 ఏళ్ళ నుంచీ ఉన్నారనీ, హరప్పా నగరాలు వానలు మొహం చాటేసి పాడుబడ్డాయనీ, రెండూ సరస్సుల మట్టిలో రుజువయ్యాయనీ ఘంటాపథంగా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. భోజనాల దగ్గర, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి, "అంకుల్, అవి ఎవరు రాశారు?" అని అడిగింది. "ఎక్కడో చదివానమ్మా" అన్నాను. ఇంటికొచ్చి వెతికితే రెండు మాటలూ ఒకే మనిషి దగ్గరికి దారి తీశాయి.

ఆయన గుర్‌దీప్ సింగ్. భారతదేశంలో పరిశోధన మొదలుపెట్టి, ఆ తర్వాత కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పనిచేశారు. రాజస్థాన్ ఉప్పు సరస్సుల మీద సహచరులతో కలిసి 1974లోనూ, లేక్ జార్జ్ మీద ఎలిజబెత్ గైస్లర్‌తో కలిసి 1985లోనూ రాసిన పెద్ద వ్యాసాలు రెండూ లండన్ రాయల్ సొసైటీ వారి పత్రికలోనే వచ్చాయి. మన దేశాన్నీ మనం చేరిన దేశాన్నీ ఒకే పద్ధతిలో చదివిన మనిషి పేరు మన సభల్లో నేనెప్పుడూ వినలేదు.

పద్ధతి చెప్పడానికి సులువే. సరస్సు అడుగున గొట్టం దించి మట్టిని కడ్డీలాగా పైకి తీస్తారు. పైది కొత్తది, కిందది పాతది. అందులోంచి కొద్దికొద్దిగా తీసి, ఇసుకనూ సున్నాన్నీ ఆమ్లాలతో కరిగించేస్తే పుప్పొడి మిగులుతుంది. పుప్పొడి పైతొడుగు గాలి సోకని బురదలో లక్షల ఏళ్ళైనా చెక్కు చెదరదు. మైక్రోస్కోపు కింద ఒక్కొక్క రేణువునీ గుర్తుపట్టి లెక్కపెడితే, ఆ కాలంలో గట్టున ఏ చెట్లు ఎంతెంత ఉండేవో తెలుస్తుంది. చెట్లను బట్టి వాన. పక్కనే బొగ్గు నుసిని కూడా లెక్కపెడితే మంటల సంగతీ తెలుస్తుంది. సింగ్ గారి పట్టికలు చూస్తే ఎన్నేళ్ళ ఓపిక అందులో ఉందో అర్థమవుతుంది. ఆ లెక్కల మీద నాకే ఫిర్యాదూ లేదు. లెక్క ముగిసి కథ మొదలయ్యే చోటే పేచీ.

ముందు రాజస్థాన్. సాంభర్, డీడ్వానా, లూంకరన్‌సర్ సరస్సుల మట్టి చూసి, సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1800 దాకా అక్కడ వానలు బాగా కురిశాయనీ, తర్వాత ఎండిపోయిందనీ ఆయన తేల్చారు. హరప్పా నగరాల ఉత్థాన పతనాలకు దాన్ని ముడిపెడుతూ 1971లోనే ఒక వ్యాసం రాశారు. ముడి ఎంత బాగా కుదిరిందంటే, అప్పటినుంచీ అందరం అదే చెబుతూ వచ్చాం. 1999లో ఎన్‌జెల్ బృందం లూంకరన్‌సర్ మట్టిని మళ్ళీ పరీక్షించి, సరస్సు సుమారు 5,500 ఏళ్ళ క్రితమే ఎండిపోయిందని 'సైన్స్' పత్రికలో రాసింది. అంటే పెద్ద నగరాలు వెలిసేనాటికే అక్కడ నీళ్ళు లేవు! కార్బన్ పరీక్ష ఇచ్చే ఏళ్ళు వేరు, క్యాలెండర్ ఏళ్ళు వేరు. ఆ కాలానికి రెండింటికీ వందల ఏళ్ళ తేడా వస్తుంది. పాత లెక్కల్లో ఆ సవరణ లేదు. అంతటితో అయిపోయిందా అంటే లేదు. 2014లో యామా దీక్షిత్ బృందం హర్యానాలోని కోట్లా దహర్ అనే పాత సరస్సులో నత్తగుల్లలు పరీక్షించి, 4,100 ఏళ్ళ క్రితం రుతుపవనం హఠాత్తుగా బలహీనపడిందని చూపింది. హరప్పా నగరాల క్షీణదశకు అది దగ్గరి తేదీ. సింగ్ గారి ఊహ ఓడిపోయి, సగం గెలిచి, ఇంకా కోర్టులోనే ఉంది.

లేక్ జార్జ్ వ్యాసం ఇంకా పెద్దది, నా దృష్టిలో ఇంకా గొప్పది. దాదాపు 7 లక్షల ఏళ్ళ పుప్పొడి చరిత్ర అందులో ఉంది. మంచుయుగాలు వచ్చిపోవడం, వాటితోపాటు చెట్లు తగ్గి మళ్ళీ పెరగడం కళ్ళముందు కనిపిస్తుంది. ఒక పొర దగ్గర, దానికాయన ఎఫ్ అని పేరు పెట్టారు, బొగ్గు ఒక్కసారిగా పెరుగుతుంది. సరుగుడు జాతి చెట్లు తగ్గుతాయి, మంటలను తట్టుకునే యూకలిప్టస్, అదే మన జామాయిల్, పెరుగుతుంది. సహజంగా వచ్చే మంటలకు ఇది మించిందనీ, నిప్పు పెట్టిన మనుషుల పని అనీ, కాలం సుమారు 1,20,000 ఏళ్ళ క్రితమనీ సింగ్ గారన్నారు.

ఆ పొర కార్బన్ పరీక్షకు అందనంత పాతది. అందుకని చెట్ల హెచ్చుతగ్గులను సముద్రపు అడుగున దొరికిన మంచుయుగాల వరసతో జతచేసి తేదీ వేశారు. రెండు గొలుసుల్లో ఒక్క లింకు పక్కకు జరిగితే వేల ఏళ్ళు తేడా వస్తుంది. మరుసటి ఏడాదే, 1986లో, రిచర్డ్ రైట్ చిన్న వ్యాసంలో సరిగ్గా ఆ ప్రశ్నే వేశారు. పై పొరల కార్బన్ తేదీలను బట్టి మట్టి పేరుకునే వేగం లెక్కగడితే ఆ పొరకు సుమారు 60,000 ఏళ్ళే వస్తాయన్నారు. 2017లో ఉత్తరాన మజెడ్‌బెబె దగ్గర పురావస్తు తవ్వకాలు 65,000 ఏళ్ళ నాటి మనుషుల ఆనవాళ్ళు చూపాయి. దాని మీదా వాదన ఉంది. ఏది ఒప్పుకున్నా నా ఉగాది అంకె మాత్రం నిలబడదు.

రాజస్థాన్ వ్యాసంలోనూ ఇదే అలవాటు కనిపిస్తుంది. 9,000 ఏళ్ళకు పైబడిన పొరల్లో ధాన్యం జాతి పుప్పొడీ బొగ్గూ కలిసి కనిపించగానే, మనుషులు అడవి కాల్చి సాగు మొదలుపెట్టారన్నారు. అడవి గడ్డికీ అలాంటి పుప్పొడి ఉండవచ్చు, పిడుగుకీ అడవి తగలబడవచ్చు. బొగ్గు కనబడితే మనిషి కనబడ్డట్టే అనుకోవడం ఆయన బలహీనత. అయితే కొట్టిపారేయదగ్గ బలహీనత కాదు. నెల్లూరు, ప్రకాశం తీరంలో సరుగుడు తోటలు చూడండి, ఊళ్ళ బయట జామాయిల్ తోటలు చూడండి. రెండూ బయటినుంచి తెచ్చి మనం నాటినవే. పది వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా మన చెరువు మట్టి తీసి ఆ పుప్పొడి చూసి, "ఆంధ్రదేశంలో వాతావరణం మారింది" అని రాస్తే తప్పే కదా! చెట్లు మారితే వాతావరణమే కారణం కానక్కరలేదని పట్టుకున్నది సింగ్ గారే. ఆయన తేదీ తప్పై ఉండవచ్చు, అడిగిన ప్రశ్న తప్పు కాదు.

మన వైపు సంగతేమిటని అడుగుతారు గనక ఒక్క మాట. సరస్సు కాదుగానీ, గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రంలో తీసిన మట్టి మీద 2012లో పోంటన్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. నది మోసుకొచ్చిన ఆకుల మైనాన్ని పరీక్షించి, సుమారు 4,000 ఏళ్ళ క్రితం ఒకసారి, 1,700 ఏళ్ళ క్రితం మరోసారి ద్వీపకల్పం పొడిబారిందని తేల్చారు. 1,700 అనగానే మీకెవరు గుర్తొచ్చారో నాకు తెలుసు, నాకూ శాతవాహనులే గుర్తొచ్చారు. వాళ్ళ రాజ్యం పోయినది ఇంచుమించు అప్పుడే. కానీ ఆ మట్టి దక్కన్ అంతటి నుంచీ వచ్చి కలిసినది. దాని తేదీలో వందేళ్ళు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. ఈసారి ఉగాదికి గోదావరి మట్టి గురించే మాట్లాడమన్నారు. ముందు వరసలో ఆ అమ్మాయి ఉంటుందట. శాతవాహనుల మాట ఎత్తదలచుకోలేదు.