తడిలో నడిచే బూటు

చాండిల్ డ్యాం గేట్లు ఎత్తారంటే భుయ్యాడీహ్‌లో ఒడ్డు పక్క బస్తీలవాళ్ల కళ్లు సువర్ణరేఖ నది మీదే ఉంటాయి. నీళ్లు గుమ్మందాకా రాకపోయినా బురద తప్పదు. ఉక్కు కంపెనీ పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ మనవాళ్లలో కొందరికి, వానాకాలమంతా డ్యూటీకి వేసే సేఫ్టీ బూటే బజారుకీ బూటు.

సేఫ్టీ బూటును తక్కువ చేయను. ఐఎస్ 15298 ప్రమాణం ప్రకారం ముందున్న టోపీ 200 జౌళ్ల దెబ్బను ఆపాలి. అంటే సుమారు ఇరవై కిలోల దిమ్మె మీటరు ఎత్తు నుంచి పడ్డా వేళ్లు దక్కాలి. అయితే అది పని చేసే చోటుకు చేసిన బూటు, దూరాలు నడవడానికి కాదు. వాలు దిగేటప్పుడు వేళ్లు ఆ టోపీకి కొట్టుకుంటాయి, బరువూ ఎక్కువే. చాలావాటికి అడుగున పోతపోసిన పాలీయూరితేన్ ఉంటుంది. తేమ తగిలితే ఆ పదార్థం లోలోపలే విరుగుతుంది. అటక మీద ఏళ్లు పడి ఉన్న జత వాడకుండానే పొడిపొడిగా రాలిపోయేది అందుకే.

నేను ముచ్చటపడేది వెల్ట్ కట్టిన తోలుబూటు. దాని పనితనం పైకి కనిపించదు. ముందు పైతోలును పాదం ఆకారపు అచ్చు మీద లాగి బిగిస్తారు. లోపలి అట్ట అంచున చిన్న గట్టు ఉంటుంది. ఆ గట్టు, పైతోలు, చుట్టూ తిరిగే సన్నని తోలుపట్టీ, మూడింటినీ ఒకే కుట్టు పట్టి ఉంచుతుంది. ఆ పట్టీయే వెల్ట్. నడుమ మిగిలిన ఖాళీలో బెరడుపొడి నింపుతారు. కొన్నాళ్లకు అది తొడిగినవాళ్ల పాదం ఒత్తిడికి ఒదిగిపోతుంది. ఆపైన అడుగు అట్టను రెండో కుట్టుతో వెల్ట్‌కు మాత్రమే కలుపుతారు. అడుగు కుట్టు నేరుగా పాదం కిందికి రాదు కాబట్టి దాని రంధ్రాల గుండా నీరు లోపలికి ఎక్కే దారి లేదు. అడుగు అరిగితే ఆ ఒక్క కుట్టు విప్పి, పైతోలు జోలికి పోకుండా కొత్త అట్ట వేయవచ్చు. ఈ కుట్టుయంత్రానికి పేరు చార్ల్స్ గుడ్‌ఇయర్ జూనియర్‌ది. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచిన గుడ్‌ఇయర్ ఆయన తండ్రే. కుట్టు కొడుకుది, అడుగున రబ్బరు తండ్రిది!

తడి ఎక్కువగా చొరబడేది నాలుక దగ్గర. మంచి బూటులో నాలుక అంచులు రెండు వైపులా మడతలుగా పైతోలుకు కుట్టి ఉంటాయి. నీటిమట్టం ఆ మడత దాటేదాకా లోపల పొడిగానే ఉంటుంది. పైతోలు ఎన్ని తక్కువ ముక్కలైతే అంత మేలు. ప్రతి అతుకూ నీటికి ఒక దారే.

మరి ఊపిరాడే పొరలున్న ఖరీదైన బూట్లో? 1969లో రాబర్ట్ గోర్ కనిపెట్టిన గోర్‌టెక్స్ పొర గొప్పదే. కానీ లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయట గాలి పొడిగా ఉండాలి. మన జులైలో అదెక్కడ? చెమట లోపలే ఉండిపోతుంది. ఒకసారి పైనుంచి నీళ్లు పడితే ఆరడానికి రోజులు పడుతుంది. ఇక మోకాలిలోతు నీళ్లలో నిలబడి పని చేయాలంటే గంబూటే దిక్కు. దాంతో మైళ్లు నడిస్తే మాత్రం మడమ బొబ్బలెక్కుతుంది.

తడిసిన తోలును పొయ్యి దగ్గర పెట్టకండి, ముడుచుకుపోయి పగులుతుంది. కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టి, ఆరాక మైనం రాయండి. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వానలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. నూలువి వద్దు, నీరు పీల్చి వదలవు. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత చోటుండాలి, మడమ లేవకూడదు. ఆపైన నాలుక అంచులు తడిమి, అడుగున కుట్టుందో జిగురే ఉందో అడగండి. జిగురే అంటే ధర ఎంత తగ్గించినా వద్దనండి.