పంబ మోగాలి, మాట వినపడాలి

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. వీరవిద్యావంతుడు పల్నాటి యుద్ధ కథ ఎత్తుకోగానే పంబ డోలు అందుకుంటుంది, తిత్తి శ్రుతి పలుకుతుంది. చుట్టూ ఎంత గోల ఉన్నా, గొంతు ఆరితేరినదైతే నాగమ్మ ఏమన్నదో, బ్రహ్మనాయుడు ఏం బదులిచ్చాడో వెనక నిలబడ్డవాడికీ అందుతుంది. అదే కథను ఇంట్లో చవక మైకుతోనో ఫోనుతోనో రికార్డు చేస్తే పంబ ఒక్కటే మిగులుతుంది. మాట దాని కింద నలిగిపోతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఇళ్లల్లో తయారై యూట్యూబ్‌కెక్కే జానపదాల్లో చాలావాటికి ఇదే జబ్బు. మంచి మైకు లేదండీ అంటారు. నన్నడిగితే మైకు ఆఖరి ముద్దాయి.

మొదటి ముద్దాయి గది. పల్నాటి ఇంట్లో కింద నాపరాళ్లు, పైన స్లాబు, చుట్టూ సున్నం కొట్టిన గోడలు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అయిదడుగుల దూరంలో గోడ ఉంటే వెళ్లి తిరిగి రావడానికి 9 మిల్లీసెకన్లు చాలు. అంత తొందరగా వచ్చింది చెవికి ప్రతిధ్వనిలా వినిపించదు, అసలు గొంతులోనే కలిసిపోతుంది. కలిసేటప్పుడు కొన్ని స్వరాలను పెంచుతుంది, కొన్నిటిని కొట్టేస్తుంది. డబ్బాలో తలపెట్టి పాడినట్టుండే ఆ గొంతును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ఆన్‌లైన్‌లో దొరికే పలచటి ఫోమ్ ముక్కలు పైస్థాయి శబ్దాన్నే పీల్చుకుంటాయి, కిందిస్థాయి మోత అలాగే ఉండిపోతుంది. పత్తి పండే సీమలో ఫోమ్ కొనడమెందుకు? పాతచీరలు కుట్టిన బొంతలు రెండు మడతలేసి, గోడకు జానెడు ఎడంగా దండెం మీద వేలాడదీస్తే అంతకంటే మేలు. వేలాడదీయాల్సింది మైకు వెనక కాదు, పాడే మనిషి వెనక. సాధారణంగా దొరికే కార్డియాయిడ్ మైకుకు వీపు వైపు చెవుడు. దానికి ఎదురుగా కనిపించేది పాడేవాడి వెనక గోడే.

రెండో ముద్దాయి ఫ్యాను. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. అలాంటి చోట ఫ్యాను ఆపి పాడమనడం పాపమే గానీ తప్పదు. రాత్రి పది దాటాక అయితే ఎండా ఉండదు, గుడి మైకులూ ఉండవు. కుక్కల సంగతి మాత్రం హామీ ఇవ్వలేను. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీదే నడపండి. కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్ల దగ్గర సన్నగా గుయ్యిమంటూ రికార్డులోకి దూరుతుంది. చవకరకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే ఇంకా గట్టిగా. ఫోనుతోనే రికార్డు చేస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి ఉండాలి. ఎదురుగా ఉంటే భ, ఫ, ఘ పలికినప్పుడల్లా గాలి వచ్చి తగులుతుంది. లెవెలు ఎంత గట్టిగా పాడినా మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. 24 బిట్లలో రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవడానికి చోటు బోలెడంత ఉంటుంది. సున్నా తాకి పగిలిన గొంతును మాత్రం ఎవరూ మునుపటిలా అతికించలేరు. ఇంకొక్కమాట: అరవయ్యేళ్ల గాయకుడి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, క్లిక్ ట్రాక్ వినిపిస్తూ దానికి సరిగ్గా పాడమనకండి. యుద్ధం దగ్గర పడేకొద్దీ వేగం పెరగడం ఆ పాట స్వభావం. టిక్కుటిక్కుకు కట్టేస్తే పాటలోంచి యుద్ధం పోతుంది.

మిక్సింగ్ అంటే కంప్యూటరు వచ్చాక పుట్టిన విద్య అనుకుంటారు. 1925లో మైకుతో రికార్డింగు మొదలైన నాటినుంచి చాలాకాలం మైకు ముందు ఎవరు ఎంత దూరంలో నిలబడతారన్నదే మిక్సింగు. గట్టిగా మోగేవాళ్లు వెనక్కి, గాయకుడు ముందుకు. మన బుర్రకథ దళంలోనూ అదే లెక్క. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు వచనం చెబుతుంటే డక్కీలు అణిగి ఉంటాయి, వాక్యం ముగిసిన చోట వంత అందుకుంటుంది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి, పల్నాటి యుద్ధం చెబుతుంటే మాట పోకపోవడానికి ఆయన గొంతుతో పాటు ఈ ఏర్పాటూ కారణమే. ఎవరి వంతు వాళ్లదైతే సగం మిక్సింగ్ అయిపోయినట్టే.

మిగతా సగం తీసివేత. ఆడాసిటీ ఉచితం, రీపర్ 60 రోజులు వాడి చూడొచ్చు, రెండూ చాలు. ముందు గొంతు ఒక్కటే పెట్టి వినండి. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో కోసేయండి, మగగొంతులో అక్కడ పాట ఉండదు, ఫ్యానూ లారీలూ ఉంటాయి. 200 నుంచి 400 మధ్య గది చేసిన మందం పేరుకుంటుంది, ఈక్యూతో మూడు డెసిబెల్స్ తగ్గిస్తే గొంతు తేటపడుతుంది. ఇప్పుడు పంబను మెల్లగా పైకి తీసుకురండి. పుల్ల దెబ్బ చురుకు 2 నుంచి 4 వేల హెర్ట్జ్ దాకా పాకుతుంది. క, ట, త లు తెలిసేది కూడా సరిగ్గా అక్కడే. గొంతును పెంచితే కీచుమంటుంది. పంబ ట్రాకులో ఆ పట్టీని రెండు మూడు డెసిబెల్స్ దించండి. పంబ ఒంటరిగా వింటే కాస్త మొద్దుగా అనిపిస్తుంది, అనిపించనీయండి. శ్రోత దాన్ని ఒంటరిగా వినడు.

తెలుగు పాటకు ప్రత్యేకించి ఒక పని ఉంది. మన వాక్యంలో అర్థం చివరి అచ్చులో ఉంటుంది. ‘వచ్చాడు’కూ ‘వచ్చాడా’కూ తేడా ఆ చివరే, గాయకుడి ఊపిరి తగ్గేదీ ఆ చివరే, పంబ దెబ్బ పడేదీ అక్కడే. కంప్రెసర్‌ను మూడుకు ఒకటి నిష్పత్తిలో పెట్టి సరిపెట్టొచ్చు గానీ, దానికి అర్థం తెలియదు. ఊపిరి శబ్దాన్నీ లేపుతుంది. ముందు పాట మొత్తం వింటూ, మునిగిపోయిన పదాంతాలను చేత్తో ఒక్కొక్కటీ రెండు డెసిబెల్స్ లేపండి. చాకిరీయే, కాదనను. ఆ తర్వాత కంప్రెసర్‌కు పెద్దగా పని మిగలదు.

కథకుణ్ని నడుమ ఉంచి వంతలను కుడి ఎడమలకు జరపడం బుర్రకథ నేర్పిందే. రివర్బ్ దగ్గరే చాలామంది చేయి జారుతుంది. గుడి మండపంలో పాడినట్టుండాలని తెగ పోస్తారు, అప్పటిదాకా కష్టపడి తేల్చిన మాట మళ్లీ మునుగుతుంది. గొంతుకూ రివర్బ్‌కూ మధ్య 30 మిల్లీసెకన్ల ఎడం పెట్టండి, రివర్బ్‌లోని కింది స్వరాలు కోసేయండి. తీసేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు.

వినేటప్పుడు మాటలాడుకునేంత చప్పుడులోనే వినండి. చప్పుడు మారితే చెవికి బాస్, ట్రెబుల్ అందే పాళ్లు మారతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా పెడితే ప్రతి మిక్సూ బ్రహ్మాండమే. చవక స్పీకర్లని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1978లో వచ్చిన యమహా ఎన్ఎస్-10 వినసొంపుగా ఉండదన్న పేరు తెచ్చుకుని కూడా పెద్ద స్టూడియోల్లో తిష్ట వేసింది, లోపాలు దాచదు కాబట్టి. మన పాట చివరికి వినపడేది ఫోనులో, ఆటోలో, ట్రాక్టరు మీది బాక్సులో. ఆ మూడింటిలోనూ వినండి. ఫోను స్పీకర్లో మాట అర్థమైతే మిక్స్ నిలబడినట్టు.

యూట్యూబ్ దాదాపు మైనస్ 14 లఫ్స్ (చప్పుడు గట్టితనం కొలిచే ప్రమాణం) దాటిన పాటను తనే తగ్గిస్తుంది. పక్కవాడికంటే గట్టిగా మోగాలని లిమిటర్‌తో పిండి పంపితే పంబ దెబ్బలో పదును పోయి చప్పుడు మాత్రం అంతే మిగులుతుంది.

మిక్స్ అయ్యాక ముడి ట్రాకులు చెరిపేయకండి. 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన జీన్ రోగేర్ పుస్తకం ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’కు ఆధారం ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథ. అలాగే మీ ఇంట్లో పాడిన పెద్దాయన కథలో ఏ ఘట్టం ఎవరికి పనికొస్తుందో ఇప్పుడే చెప్పలేం. రివర్బూ ఈక్యూ లేని వేవ్ ఫైలును గాయకుడి పేరు, ఊరు, తేదీ రాసి రెండు చోట్ల దాచండి.