సముద్రము దాటిన పత్రికలు

ఒక సాహిత్యశాఖ యోగ్యతను నిర్ణయింప బూనిన విమర్శకులు సామాన్యముగా అందలి గ్రంథములనే తూచుచుందురు. వానిని చదివినవారు చదివి యేమి చేసిరో విచారించువారు అరుదు. సైన్స్ ఫిక్షన్ అనబడు వైజ్ఞానిక కల్పనాకథల విషయమున ఈ లోపము మిక్కిలి స్పష్టముగా కనబడుచున్నది. రాకెట్లు, గ్రహాంతర రాక్షసులు, మరణకిరణములు నిండిన ఈ కథలను పెద్దలు బాలుర కాలక్షేపమని త్రోసివేసిరి. ఆ తీర్పు చాలమట్టుకు న్యాయమే. కాని 1939 మొదలు 1945 వరకు జరిగిన మహాయుద్ధమున ఆ కథల పాఠకులు సముద్రముల కావలనున్న తోడిపాఠకులకు చేసిన సాయమును లెక్కకు తేనిచో అది సగము తీర్పే యగునని మా యభిప్రాయము.

ఈ మైత్రికి మూలము మిక్కిలి స్వల్పమైన యొక సంపాదకీయ పద్ధతి. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ న్యూయార్కున 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికను స్థాపించి, పాఠకుల లేఖలను వారి పూర్తి చిరునామాలతో ప్రకటింపసాగెను. కథను గూర్చి వాదింపదలచినవాడు ఇక సంపాదకునికే వ్రాయనక్కరలేదు. తనవంటి పాఠకునికే తిన్నగా వ్రాయవచ్చును. లేఖలు స్నేహములైనవి, స్నేహములు సంఘములైనవి. ఆ సంఘములు సైక్లోస్టైలు యంత్రముపై తమ సొంత పత్రికలను తీయసాగెను. ఇంగ్లండులోని లీడ్సు నగరమున 1937 జనవరిలో ఇట్టి పాఠకుల సమావేశ మొకటి జరిగినది.

యుద్ధము రాగానే బ్రిటనులో ఈ కట్టడ మంతయు కూలుటకు సిద్ధమయ్యెను. యువకులు సైన్యమునకు పోయిరి. కాగితమునకు రేషను వచ్చెను. డాలర్లను, ఓడలలోని చోటును మిగుల్చుకొనుటకై 1940లో అమెరికా కథాపత్రికల దిగుమతి నాపివేసిరి. వాల్టర్ గిల్లింగ్సు సంపాదకత్వమున 1937 నుండి వెలువడుచున్న 'టేల్స్ ఆఫ్ వండర్' అను స్వదేశపత్రిక 1942లో నిలిచిపోయెను. ఆస్ట్రేలియాలోను 1940లోనే ఇట్టి దిగుమతి నిషేధము వచ్చినది. అచ్చట అది యుద్ధానంతరము సైతము చాలకాలము కొనసాగెను.

అట్టి సమయమున, 1940 అక్టోబరులో, లీడ్సు నుండి జె. మైకేల్ రోజెన్‌బ్లమ్ 'ఫ్యూచూరియన్ వార్ డైజెస్టు' అను చిన్న పత్రికను వెలువరించెను. ఈయన మనస్సాక్షి నొప్పించుకొని ఆయుధము పట్టజాలనని నిరాకరించి, దానికి బదులుగా పొలము పనులకు నియమింపబడినవాడు. పత్రిక యన్నను అది కొన్ని పలుచని సైక్లోస్టైలు పుటలే. ఎవరు సైన్యమున చేరిరి, ఎవరు ఎచ్చట నున్నారు, అమెరికాలో ఏ సంచికలు వచ్చినవి, వానిలో చదువదగిన దేది యను వార్తలే దాని కండయు ప్రాణమును. సొంతముగా టపా ఖర్చు భరింపలేని ఇతర మిత్రులు తమ చిన్న పత్రికలను ఇచ్చినచో ఆయన వానిని తన పత్రికతో జతచేసి యొకే కవరులో పంపెడివాడు. 1945 మార్చి వరకు ఇది సాగినది.

ఆవలి యొడ్డున అమెరికా మిత్రులు తాము చదివిన కథాపత్రికలను కానుకలుగా టపాలో వేయుచుండిరి. వర్తకునకు మూసిన ద్వారము స్నేహితునకు కొంచెము తెరచి యుండెను. వచ్చిన సంచికను ఒకరే దాచుకొనక చేతులు మార్చుకొని చదివిరి. 1942లో ఏర్పడిన బ్రిటిష్ ఫాంటసీ సొసైటీ తన సభ్యులకొరకు ఎరవు పుస్తకాలయమును నడపెను. లాస్ ఏంజెలిసు నుండి ఫారెస్ట్ ఎకర్‌మన్‌తో కూడి మర్టిల్ డగ్లస్ అను వనిత 1939లో ప్రారంభించిన 'వాయిస్ ఆఫ్ ది ఇమాజినేషన్' అను లేఖాపత్రిక యుద్ధ మంతయు నడచినది. ఈమె ఎస్పరాంటో భాషాభిమానిని. ఆ భాషలోని అక్షరముల పేళ్లతో కూర్చుకొన్న 'మొరోజో' అను పేరుతోనే మిత్రులలో ప్రసిద్ధి కెక్కెను. అక్షరములు కొట్టి, ముద్రవేసి, కవర్లు కట్టి, లేఖలకు బదులు వ్రాసెడి ఈ పనిని కొందరు చరిత్రకారులు ఎకర్‌మన్ పేరుతోనే చెప్పి ఊరకుందురు. ఇంటిలో పని యెవరిది, పేరెవరిదను ప్రశ్న మన చదువరులకు క్రొత్త కాదు.

రచనలుగా ఈ పత్రికల విలువ యెంత? మేము మొగమాటము లేక చెప్పుదుము: చాల తక్కువ. శ్లేషలకై ప్రాకులాట, లోపలివారికి తప్ప బోధపడని హాస్యము, పదిమంది తగవును లోకయుద్ధమంతగా వర్ణించుట వీనిలో మెండు. సామ్ మాస్కోవిట్జ్ 1954లో గ్రంథముగా వెలువరించిన 'ది ఇమ్మార్టల్ స్టార్మ్' ఈ దోషమునకు పరాకాష్ఠ. 1939లో న్యూయార్కున జరిగిన ప్రథమ ప్రపంచ సమ్మేళనము ద్వారముకడ ఆరుగురిని లోనికి రానీయని కలహము దానిలో రాజ్యవిప్లవమువలె కనబడును. యుద్ధకాలమునకు అది రాదు. 1969 నాటి హ్యారీ వార్నర్ గ్రంథము 'ఆల్ అవర్ యెస్టర్‌డేస్' 1940 దశకమును చెప్పును. దానికి నిదానమును చమత్కారమును ఎక్కువ. అయినను రోజెన్‌బ్లమ్ పుటలకు ఈ రెంటిలోను లేని గుణ మొకటి కలదు. అవి చరిత్ర వ్రాయుచున్నామని యెరుగవు. మిత్రుని చిరునామా మారినదని చెప్పునప్పుడు ఆ వాక్యమునకు అలంకార మక్కరలేదు. అట్టి గద్యమును మేము గౌరవింతుము.

ఇక నొక యాక్షేపణ కలదు, దానిని దాటిపోరాదు. ఆ కాలపు కథలలో ఏమి యుండెను? 1928లో 'అమేజింగ్ స్టోరీస్'లో వచ్చిన ఫిలిప్ నౌలన్ కథలో అమెరికాను చెరపట్టిన శత్రువులు మంగోలు జాతివారు. 1941 తొలి మూడు నెలలలో 'అస్టౌండింగ్' పత్రిక ప్రకటించిన హైన్‌లైన్ 'సిక్స్త్ కాలమ్' అను ధారావాహికలో మరల ఆసియావాసులే శత్రువులు. వారి జాతిని మాత్రమే వేరుపరచి చంపు కిరణము వీరుల చేతి యాయుధము. ఆసియావాసులమైన మేము దీనిని చదివి చప్పట్లు కొట్టజాలము. ఆ సాయము సైతము ముఖ్యముగా ఇంగ్లీషు భాష మాటలాడు దేశముల నడుమనే సాగెను. భవిష్యత్తున మానవజాతి యంతయు ఒక్కటి యగునని పలికిన సాహిత్యమునకు ఇది కొరతయే.

అయినను ఈ కొరతవలన ఆ సాయము విలువ పోయినదని మేమనము. ఆయుధము పట్టనివాని పత్రికను ఆయుధము పట్టిన సైనికులు తెప్పించుకొని చదివిరి. యుద్ధము ధర్మమా యను ప్రశ్నపై అభిప్రాయము కలియనివారు ఒకే కవరు కొరకు ఎదురుచూచుట ఆ కథలు నేర్పిన పాఠము కాదు. దానిని లేఖలు వ్రాసికొనుచు ఆ పాఠకులు తమంతట తామే అలవరచుకొనిరి. ఆ సాహిత్యమును విమర్శించువారు కథలను ఒక తక్కెటను, ఈ లేఖలను రెండవ తక్కెటను ఉంచవలెను. ఒకదానితో మరియొకదానిని కప్పిపుచ్చరాదు.

యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా మిత్రులు చందాలు కూర్చి, బ్రిటిష్ సంపాదకుడు టెడ్ కార్నెల్‌ను 1949లో సిన్సినాటి నగరమున జరిగిన ప్రపంచ సమ్మేళనమునకు రప్పించుకొనిరి. ఆ నిధికి వారు పెట్టిన పేరు 'బిగ్ పాండ్ ఫండ్', అనగా పెద్దచెరువు నిధి. అట్లాంటిక్ మహాసముద్రము వారికి చెరువైనది! 1953లో ఏర్పడిన 'ట్రాన్స్ అట్లాంటిక్ ఫాన్ ఫండ్' ఆ పనిని నేటికిని సాగించుచున్నది. మిత్రుల వోట్లతో ఎన్నికైన ప్రతినిధి ఆవలి యొడ్డునకు పోయివచ్చి తన యాత్రావృత్తాంతమును వ్రాయవలెనని ఆచారము. కొందరు చక్కగా వ్రాసిరి. కొందరి వృత్తాంతము లింకను పూర్తికాలేదు.